సైకోసిస్ మందులు ఇంట్లో జాగ్రత్తగా వాడటం ఎలా: చీటీ చేతికొచ్చిన రోజు నుంచి

మీ తమ్ముడికో, అమ్మకో, కోడలికో మానసిక వైద్యుడు రిస్పెరిడోన్, ఒలాంజపైన్, హాలోపెరిడాల్, క్వెటియాపిన్, అరిపిప్రజోల్, అమిసల్‌ప్రైడ్ లాంటి మాత్ర ఏదో రాశారనుకుందాం. ఇక్కణ్ణుంచి ఇంట్లోవాళ్లు ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను తిరుపతిలో మందుల షాపులో పనిచేస్తాను. ఇలాంటి చీటీలు రోజూ నా చేతికి వస్తుంటాయి. వీటిని కొనేవాళ్లలో చాలామంది ఇవి నిద్రమాత్రలే అనుకుంటారు. కావు. చెవిలో ఎవరో తిడుతున్నట్టు వినిపించడం, పక్కింటివాళ్లు చేతబడి చేశారనో అన్నంలో విషం కలిపారనో గట్టిగా నమ్మడం, రాత్రీ పగలూ తేడా లేకుండా ఊగిపోవడం లాంటి లక్షణాలను తగ్గించే మందులివి. ఇలా లేనివి వినిపించి, లేనివి నమ్మే స్థితినే సైకోసిస్ అంటారు. స్కిజోఫ్రీనియాకి, బైపోలార్ జబ్బుకి ముఖ్యంగా ఇస్తారు. 1952లో ప్యారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్‌తో ఈ రకం వైద్యం మొదలైంది. అంతకుముందు ఏళ్ల తరబడి ఆస్పత్రి గోడల మధ్యే ఉండిపోయినవాళ్లు ఎందరో ఈ మందుల వల్ల ఇంటికి రాగలిగారు.

మందు పనిచేస్తుంది. హానీ చేయగలదు. ఈ రెండూ నిజమే. "ఇవి వాడితే మనిషి మొద్దుబారిపోతాడు, ఆపేయండి" అనే చుట్టం మాట ఎంత ప్రమాదమో, "ఏం కాదులే, వేసుకుంటూ పో" అనడమూ అంతే ప్రమాదం. డాక్టరు నెలకోసారి పది నిమిషాలు చూస్తారు. మిగతా రోజులన్నీ చూసేది మీరే. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలా ప్రమాదాలను మొదట్లోనే పట్టుకోవచ్చు.

మొదటి పని: షాపు నుంచి కదలకముందే స్ట్రిప్ చదవండి

స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. అసలు మందు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎన్ని మిల్లీగ్రాములో దాని పక్కనే ఉంటుంది. ఆ చిన్న పేరు ఏమిటో షాపువాణ్ణి అడిగి నోట్‌బుక్‌లో తెలుగులోనే రాసుకోండి. చెప్పడం మా పని, మొహమాటపడొద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒకే మందును చాలా కంపెనీలు తలా ఒక పేరుతో అమ్ముతాయి. చిత్తూరు వైపు నుంచి చాలామంది వేలూరు సి.ఎం.సి. వాళ్ల బాగాయం ఆస్పత్రికి వెళ్తారు. మధ్యలో డబ్బుకో దూరానికో ఇబ్బందై తిరుపతి రుయా ప్రభుత్వాస్పత్రిలోనో, ఊళ్లో ప్రైవేటు డాక్టరు దగ్గరో చూపించుకుంటారు. రెండు చీటీల మీద రెండు పేర్లుంటాయి. లోపల ఉండేది మాత్రం రెండింట్లోనూ రిస్పెరిడోనే. ఇంట్లోవాళ్లు వేర్వేరు మందులనుకుని రెండూ వేస్తారు. వారం తిరిగేసరికి మనిషి ఒళ్లు బిగుసుకుపోయి, చొంగ కారుస్తూ ఓ మూల కూర్చుంటాడు. జబ్బు ముదిరిందని ఇంట్లో ఏడుపు మొదలవుతుంది.

పేరు చివర "ప్లస్" అని ఉన్న స్ట్రిప్పులను ఇంకొంచెం జాగ్రత్తగా చూడండి. ఇలాంటివాటిలో చాలావరకు రిస్పెరిడోన్‌తో పాటు ట్రైహెక్సిఫెనిడిల్ కూడా కలిసి ఉంటుంది. ఒళ్లు బిగుసుకోకుండా, చేతులు వణకకుండా ఇచ్చే మందు అది. పాసిటేన్ పేరుతో విడిగా దొరికేదీ అదే. ప్లస్ మాత్ర వేస్తూ పాసిటేన్ కూడా వేస్తే డోసు రెట్టింపవుతుంది. నోరు పిడచకట్టుకుపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం, మూత్రం సరిగా రాకపోవడం దీని గుర్తులు. పెద్దవయసు వాళ్లకైతే మతి తప్పినట్టూ అవుతుంది. రెండూ రాసి ఉంటే కావాలనే రాశారా అని డాక్టర్ని అడగండి. అసలు ఈ మందు అందరికీ అక్కర్లేదు, ఒకప్పుడు అవసరమైనవాళ్లకీ ఎల్లకాలం అక్కర్లేదు. మూడు నెలలకోసారి "ఇది ఇంకా కావాలా సార్?" అని అడగండి.

డాక్టరుకు మీరే చెప్పాల్సిన సంగతులు కొన్ని ఉంటాయి. షుగరు, గుండె జబ్బు, ఫిట్స్, కంట్లో నీటికాసులు, ప్రొస్టేట్ సమస్య, గర్భం, వాడుతున్న ఇతర మందులు, నాటు వైద్యం, మద్యం తాగే అలవాటు, రోజుకు ఎన్ని బీడీలు కాలుస్తారో. బీడీల సంగతి ఎందుకో ముందు ముందు చెబుతాను.

మొదటి మాత్ర వేయకముందే బరువు, నడుము చుట్టుకొలత, బీపీ, పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్ చూపించి నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి. గుండె సమస్య ఉన్నా, గుండె కొట్టుకునే తీరు మీద ప్రభావం చూపే మందైనా డాక్టరు ఈసీజీ కూడా తీయిస్తారు. మనిషి మరీ ఉద్రేకంగా ఉండి పరీక్షలు కుదరకపోతే మందు మొదలుపెట్టి, కాస్త నెమ్మదించాక ఆ వారంలోనే చేయించండి. మొదటి అంకెలు లేకపోతే ఆరు నెలల తర్వాత షుగరు మందు వల్ల వచ్చిందా, ముందే ఉందా అనేది ఎవరూ తేల్చలేరు.

మొదటి రెండు వారాలు: ఓ కంట కనిపెట్టండి

నిద్ర, ఆవేశం కొద్ది రోజుల్లోనే సర్దుకుంటాయి. మాటలు వినిపించడం, అనుమానాలు తగ్గడానికి మాత్రం వారాలు పడుతుంది. నాలుగో రోజుకే "పనిచేయట్లేదు" అని డాక్టర్ని మార్చకండి.

మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లో, ముఖ్యంగా హాలోపెరిడాల్ లాంటి పాత మందులతో, కుర్రవాళ్లకు ఎక్కువగా వచ్చే ఒక సమస్య ఉంది. చిత్తూరు దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక తండ్రి నాకు చెప్పిన సంగతి ఇది. కొడుక్కి ఇరవై దాటి ఉంటాయి. ఇంజెక్షన్ చేయించుకుని ఇంటికొచ్చిన రెండో రోజు సాయంత్రం మెడ ఒక పక్కకు తిరిగిపోయింది, ఎంత సరిచేసినా వెనక్కి రాలేదు. కనుగుడ్లు పైకి వెళ్లి అక్కడే నిలిచిపోయాయి. నాలుక మందమై మాట ముద్దగా వచ్చింది. పిల్లవాడికి స్పృహ ఉంది, నొప్పితో కళ్లెమ్మట నీళ్లు కారుతున్నాయి. గాలి సోకిందని నిమ్మకాయలు కోశారు, తాయెత్తు కట్టించారు. తెల్లారేదాకా అలాగే ఉన్నాడు. పొద్దున ఆస్పత్రి క్యాజువాలిటీలో ప్రొమెథజైన్ ఇంజెక్షన్ ఇచ్చారు. అరగంటలో మెడ దానంతటదే తిరిగింది, కాఫీ అడిగాడు.

దాన్ని డిస్టోనియా అంటారు. కండరాలు పట్టేయడమే అది. చూస్తే భయమేస్తుంది కానీ మందుతో త్వరగా తగ్గుతుంది. గొంతు కండరాలు పట్టేస్తే మాత్రం ఊపిరికి ఇబ్బంది, అందుకే తెల్లారనివ్వకుండా దగ్గర్లోని ఏ ఆస్పత్రికైనా వెళ్లి "ఫలానా మందు ఫలానా రోజు మొదలుపెట్టాం" అని చెప్పండి. అక్కడ నోట్‌బుక్ అక్కరకొస్తుంది.

ఇంకొకటి దీనికంటే మోసకారిది. మనిషికి కాలు ఒకచోట నిలవదు. కూర్చుంటాడు, లేస్తాడు, గుమ్మం దాకా వెళ్లి వస్తాడు, నిలబడే కాళ్లు మార్చి మార్చి వేస్తుంటాడు, పడుకున్నా కుదురుండదు. ఇంట్లోవాళ్లు జబ్బు ఎక్కువైందనుకుని డాక్టరుకు అదే చెబుతారు. డోసు పెంచితే అది ఇంకా పెరుగుతుంది. అకతీసియా అంటారు దీన్ని, మందు తెచ్చే బాధ ఇది. దీన్ని తట్టుకోలేక చావాలన్న ఆలోచన వచ్చేవాళ్లూ ఉన్నారు. అందుకే మీరు అడగాల్సిన ప్రశ్న ఇది: "మనసులో టెన్షనా, లేక కాళ్లు కదపకుండా ఉండలేకపోతున్నావా?" రెండోదని చెబితే అదే మాట అలాగే డాక్టరుకు చెప్పండి. డోసు తగ్గించడమో, మందు మార్చడమో, ప్రొప్రనొలాల్ లాంటిది చేర్చడమో చేస్తారు.

మంచం మీంచి గబుక్కున లేస్తే కళ్లు తిరగడం మొదట్లో మామూలే. లేచి కూర్చుని, కాస్త ఆగి నిలబడమనండి. మత్తు ఎంత ఉందో తెలిసేదాకా బండి, ట్రాక్టరు తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి. ఘాట్ రోడ్డు మీద బండి నడపడం గురించి అసలు ఆలోచించొద్దు.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగకండి

ఒళ్లు కాలిపోయే జ్వరం, చేతులు వంచబోతే వంగనంత బిగుసుకుపోవడం, చెమటలు, మాటలు తడబడటం, మగతగా ఉండటం. ఇవి కలిసి వస్తే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అయ్యే అవకాశం ఉంది. అరుదే, కానీ ప్రాణం తీస్తుంది. మొదలుపెట్టిన తొలి వారాల్లో, డోసు పెంచినప్పుడు, ఇంజెక్షన్ల తర్వాత, ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఎక్కువగా వస్తుంది. ఎప్పుడైనా రావచ్చు కూడా. పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దాం అనుకోవద్దు. తర్వాతి డోసు వేయకుండా 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి, వాడుతున్న మందులన్నీ వెంట తీసుకెళ్లండి. డాక్టర్ని అడగకుండా డోసు ఆపవద్దని ఈ వ్యాసమంతా చెబుతాను. దానికి పెద్ద మినహాయింపు ఇదే.

స్పృహ తప్పి పడిపోవడం, గుండె అదుపు లేకుండా కొట్టుకోవడం, ఫిట్స్, విపరీతమైన దాహంతో పాటు వాంతులు, ఎగశ్వాస. వీటికీ ఆ రోజే ఆస్పత్రి.

రోజూ మాత్ర ఇచ్చే పద్ధతి

రోజూ ఒకే వేళకు ఇవ్వండి. ఇంట్లో ఒకరే ఆ బాధ్యత తీసుకోవాలి. ఇద్దరు తీసుకుంటే ఒక రోజు రెండుసార్లు పడుతుంది, ఇంకో రోజు అసలు పడదు. ఏడు గదుల మాత్రల డబ్బా కొంటే వేశారో లేదో చూడగానే తెలుస్తుంది. లురాసిడోన్ రాసి ఉంటే కడుపునిండా తిన్నాకే ఇవ్వాలి, ఖాళీ కడుపుతో వేస్తే సరిగా ఒంటబట్టదు. తక్కినవాటిలో చాలావరకు తిన్నా తినకపోయినా ఫరవాలేదు.

ఒక పూట మరిచిపోతే గుర్తుకొచ్చినప్పుడు వేయండి. తర్వాతి డోసు వేళ దగ్గరపడితే వదిలేయండి. నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి రెండు వేయకూడదు.

మిగతా స్ట్రిప్పులు తాళం వేసి పెట్టండి. ఇల్లు చిన్నదైనా, ఇంట్లో అందరూ మంచివాళ్లైనా సరే. మనసు బాగాలేని మనిషి ఒక చెడు క్షణంలో గుప్పెడు మింగే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలకు ఒకటి రెండు మాత్రలే ప్రాణాంతకం కావచ్చు. వంటింటి గట్టు మీద, దేవుడి పటం వెనక పెట్టే అలవాటు మానండి.

ఇప్పుడు చాలా ఇళ్లలో జరిగే పని గురించి. మనిషి మాత్ర వద్దంటాడు. అమ్మ దాన్ని పొడి చేసి చారులోనో, కాఫీలోనో కలిపి ఇస్తుంది. ఆ తల్లి బాధ నాకు అర్థమవుతుంది, ఆమెను తప్పుపట్టను. కానీ ఇందులో నష్టాలు ఎక్కువ. కాఫీ సగం తాగి పారబోస్తే డోసు ఎంత పోయిందో తెలియదు. మెడ పట్టేసినా, కళ్లు తిరిగినా ఎందుకో అతనికే తెలియదు. అన్నంలో ఏదో కలుపుతున్నారని ముందే అనుమానపడే మనిషికి, ఒకరోజు నిజంగానే కలుపుతున్నారని తెలిస్తే ఆ నమ్మకాన్ని మళ్లీ సంపాదించడం కష్టం. ఎందుకు వద్దంటున్నాడో ముందు అడగండి. చాలాసార్లు మత్తు, వణుకు, లావవడం లాంటి కారణమేదో ఉంటుంది, దానికి డాక్టరు దగ్గర దారి ఉంటుంది. నాలుక మీద కరిగిపోయే మాత్రలున్నాయి. రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేయించుకునే ఇంజెక్షన్లున్నాయి. రోజూ గొడవపడే ఇళ్లకు ఆ ఇంజెక్షన్లు చాలా మేలు. అయితే ఒకసారి ఒంట్లోకి వెళ్లాక సైడ్ ఎఫెక్ట్ వస్తే వెంటనే తీసేయలేం కాబట్టి, అదే మందు మాత్ర రూపంలో పడుతుందో లేదో ముందు చూసుకుంటారు.

బరువు, షుగరు: నెమ్మదిగా వచ్చే ప్రమాదం

మెడ పట్టేస్తే ఊరంతా పరుగెత్తుకొస్తుంది. నెలకు రెండు కిలోలు పెరిగితే ఎవరూ పట్టించుకోరు, "ఒళ్లు చేశాడు, బాగున్నాడు" అని సంతోషిస్తారు కూడా. నా లెక్కలో ఈ మందుల వల్ల ఎక్కువమందికి జరిగే హాని ఇక్కడే ఉంది. ఒలాంజపైన్, క్లోజపైన్ బరువును అన్నింటికంటే ఎక్కువ పెంచుతాయి. క్వెటియాపిన్, రిస్పెరిడోన్ మధ్యరకం. అరిపిప్రజోల్, హాలోపెరిడాల్, లురాసిడోన్‌తో తక్కువ. బరువు వెనకే షుగరు, కొలెస్ట్రాల్, గుండె జబ్బు వస్తాయి. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లు మిగతావాళ్లకంటే ముందే చనిపోవడానికి గుండె జబ్బులు ఒక పెద్ద కారణం.

వారానికోసారి, ఒకే రోజు, పొద్దున్నే బరువు చూసి రాయండి. మొదటి నెలలోనే నూటికి ఐదు వంతులు పెరిగితే, అంటే 60 కిలోల మనిషి 63కి వస్తే, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పండి. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్ మందు మొదలుపెట్టిన మూడు నెలలకు ఒకసారి, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి చూపించండి. ముందే షుగరు ఉన్నవాళ్లకు, ఇంట్లో షుగరు ఉన్నవాళ్లకు ఇంకా తరచుగా.

మాత్ర వేసుకున్నాక వచ్చే ఆకలి నిజమైన ఆకలి. అది తిండిపోతుతనం కాదు, తిట్టవద్దు. కంచంలో ఏముందో మార్చండి. మన వైపు రాగి సంగటి మంచిదే, కానీ ముద్ద పెద్దదైతే అదీ పిండే కదా. ముద్ద సగం చేసి, పప్పు, ఆకుకూర, ఉలవలు, మజ్జిగ పెంచండి. సాయంత్రానికి గుగ్గిళ్లు ఉడికించి పెట్టండి, లేకపోతే చేయి బజ్జీల మీదకు పోతుంది. మామిడికాయల కాలంలో చిత్తూరు జిల్లాలో బుట్టలకు బుట్టలు ఇంట్లోనే ఉంటాయి. అప్పుడు రోజుకు ఒకటని గీత గీయండి. అన్నిటికంటే ముఖ్యం కూల్‌డ్రింకు. మందు వల్ల నోరెండుతుంది, ఆ దాహానికి పిల్లలు రోజుకు రెండు మూడు సీసాలు తాగేస్తారు. పక్కనే నీళ్ల సీసా పెట్టండి, చప్పరించడానికి ఉసిరికాయ ముక్క ఇవ్వండి. పొద్దునో సాయంత్రమో అరగంట నడక, మీరూ కలిసి నడవండి. ఇంతా చేసినా బరువు ఆగకపోతే అది మీ తప్పు కాదు. మందు మార్చడం, మెట్‌ఫార్మిన్ చేర్చడం లాంటి దారులు డాక్టరు దగ్గర ఉన్నాయి.

నోరు విప్పి చెప్పని సమస్యలు

రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్, హాలోపెరిడాల్ లాంటివి ప్రొలాక్టిన్ అనే హార్మోను పెంచుతాయి. దాంతో నెలసరి ఆగిపోవచ్చు, పెళ్లికాని అమ్మాయికైనా రొమ్ముల్లో పాలు రావచ్చు. అమ్మాయిని అనుమానించి నానా మాటలు అనకముందే రక్తపరీక్ష చేయించండి, గర్భం కూడా పరీక్షతోనే తేల్చుకోండి. మగవాళ్లలో కోరిక తగ్గడం, అంగస్తంభన లేకపోవడం, రొమ్ములు పెరగడం జరుగుతాయి. కొత్తగా పెళ్లయిన కుర్రాళ్లు ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేయడానికి ఇదో పెద్ద కారణం. ఇంట్లో చెప్పుకోలేకపోతే డాక్టరు దగ్గర ఒంటరిగా మాట్లాడే వీలు కల్పించండి, మీరు బయట కూర్చోండి.

గర్భం వచ్చిందని తెలియగానే భయపడి ఆ రోజే మాత్రలు ఆపేయొద్దు. జబ్బు తిరగబెడితే తల్లికీ బిడ్డకీ అదీ ప్రమాదమే. మానసిక వైద్యుణ్ణి, గైనకాలజిస్టును ఇద్దర్నీ ఆ వారంలోనే కలవండి.

క్లోజపైన్ వాడేవాళ్లకు విడిగా

మిగతా మందులు రెండు సరిగా వాడి చూసినా పనిచేయనప్పుడు ఇచ్చే మందు ఇది. అప్పటిదాకా కోలుకోని ఎందరికో పనిచేస్తుంది. దీనికి ఒక చరిత్ర కూడా ఉంది. 1975లో ఫిన్లాండ్‌లో ఈ మందు వాడినవాళ్లలో కొందరికి తెల్లరక్తకణాలు పడిపోయి 8 మంది చనిపోయారు. చాలా దేశాల్లో ఆపేశారు. ఇతర మందులకు లొంగని జబ్బుకు ఇది పనిచేస్తుందని రుజువయ్యాక, రక్తపరీక్షలు తప్పనిసరన్న షరతుతో 1989లో అమెరికా అనుమతించింది. మీ చేతిలో ఉన్న రక్తపరీక్షల చీటీ వెనక ఉన్న కథ అది.

మొదటి 18 వారాలు వారం వారం తెల్లకణాల పరీక్ష, ఆ తర్వాత డాక్టరు చెప్పినంత ఎడంతో. బాగానే ఉన్నాడు కదా అని మానకండి. జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు వస్తే ఆ రోజే పరీక్ష చేయించండి. మొదటి నెలా నెలన్నరలో ఛాతీనొప్పి, ఆయాసం, గుండెదడ వస్తే గుండె కండరానికి వాపు వచ్చిందేమో చూడాలి, వెంటనే వెళ్లండి. మలబద్ధకాన్ని చిన్న విషయం అనుకోవద్దు. క్లోజపైన్ పేగుల కదలికను ఆపేయగలదు, దాంతో ప్రాణాలు పోయినవాళ్లున్నారు. రెండు మూడు రోజులు విరేచనం కాకపోతే డాక్టరుకు చెప్పాలి. కడుపు ఉబ్బి, నొప్పి, వాంతులుంటే ఎమర్జెన్సీ.

ఇంకో నియమం. రెండు రోజులకు మించి, అంటే 48 గంటలు దాటి క్లోజపైన్ ఆగిపోతే మళ్లీ పాత డోసుతో మొదలుపెట్టకూడదు. బీపీ పడిపోతుంది, ఫిట్స్ రావచ్చు. డాక్టరు మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టి పెంచుతారు. స్టాకు లేదని మా షాపుల్లో ఎవరైనా అంటే అక్కడితో వదిలేయకండి. చివరి వారం మాత్రలు మిగిలి ఉండగానే కొనుక్కోండి.

ఎండ, కొండ, మాల

మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. ఈ మందులు ఒంటి వేడిని సర్దుకునే శక్తిని తగ్గిస్తాయి. ట్రైహెక్సిఫెనిడిల్ చెమట పట్టకుండా చేస్తుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో పొలం పని పొద్దున పదిలోపు, మళ్లీ సాయంత్రమే. నీళ్లు, మజ్జిగ దాహం వేయకపోయినా తాగించండి. బైపోలార్ జబ్బుకి ఇచ్చే లిథియం కూడా వాడుతుంటే ఇంకా జాగ్రత్త, ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరుగుతుంది. క్లోర్‌ప్రోమజైన్ వాడేవాళ్ల చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది, టోపీ, నిండు చేతుల చొక్కా ఉండాలి.

కొండకు నడిచి వెళ్లాలనుకుంటే డాక్టర్ని అడిగి వెళ్లండి. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు, మధ్యాహ్నం ఎక్కొద్దు. కింద కౌంటర్లో అప్పగించే బ్యాగులో మాత్రలు పెట్టకండి. ఆ బ్యాగు పైకి చేరి, మీ చేతికొచ్చి, మధ్యలో కంపార్ట్‌మెంట్లో గంటల తరబడి కూర్చునేసరికి రాత్రి డోసు వేళ దాటిపోతుంది. రెండు రోజుల మాత్రలు, చీటీ ఫొటోకాపీ చొక్కా జేబులోనే ఉండాలి.

ఇక బీడీల సంగతి. బీడీ, సిగరెట్ పొగ వల్ల లివర్ క్లోజపైన్‌ను, ఒలాంజపైన్‌ను త్వరగా ఖర్చు చేసేస్తుంది. రోజుకు కట్ట బీడీలు కాల్చే మనిషికి డోసు ఆ లెక్కలోనే కుదురుతుంది. అతను అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు బీడీ ముట్టలేదనుకోండి. వారంలోపే రక్తంలో మందు బాగా పెరుగుతుంది. మత్తు, చొంగ, తూలడం, క్లోజపైన్‌తో ఫిట్స్ కూడా రావచ్చు. మాల తీశాక మళ్లీ కాలిస్తే మందు తగ్గి జబ్బు బయటపడుతుంది. ఆస్పత్రిలో చేరినప్పుడు బీడీ ఆగినా ఇదే జరుగుతుంది. ఇది నికోటిన్ పని కాదు, పొగ పని. అందుకే ఖైనీ నమిలేవాళ్లకు ఈ లెక్క వర్తించదు. బీడీ మానడం ఎప్పుడూ మంచిదే, కాకపోతే మానబోయే ముందు డాక్టరుకు చెప్పండి, డోసు సరిచేస్తారు. మాలలో ఒంటిపూట భోజనం ఉంటుంది కాబట్టి మాత్ర ఏ వేళకు వేయాలో కూడా అప్పుడే అడగండి. దీక్షలో మందు వేసుకోకూడదని ఎవరన్నా చెబితే వినకండి.

ఇతర మందులు, పెద్దవాళ్లు

వాంతులని ఊళ్లో చూపించుకుంటే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఇస్తుంటారు. ఈ సైకోసిస్ మందులతో అది కలిస్తే మెడ పట్టేయడం, ఒళ్లు బిగియడం ఎక్కువవుతాయి. సిప్రోఫ్లాక్ససిన్ క్లోజపైన్‌ను రక్తంలో పెంచుతుంది. అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్ససిన్ లాంటివి కొన్ని మందులతో కలిసి గుండె లయను దెబ్బతీయగలవు. ఇవన్నీ మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఏ షాపులో కొన్నా నోట్‌బుక్ ముందు పెట్టండి. మానసిక జబ్బని చెప్పడానికి సిగ్గుపడి దాచడం వల్లే ఎక్కువ తప్పులు జరుగుతాయి. మద్యం తాగిన రాత్రి ఈ మాత్రలు ఇంకా మత్తెక్కిస్తాయి, పడిపోయే ప్రమాదమూ ఎక్కువ.

మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్లు రాత్రిళ్లు అరుస్తున్నారని క్వెటియాపిన్ లాంటివి ఇస్తుంటారు. ఆ జబ్బు ఉన్న వృద్ధుల్లో ఈ మందుల వల్ల పక్షవాతం, మరణం అవకాశం పెరుగుతుంది. అమెరికా మందుల సంస్థ 2005లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. అసలు వాడకూడదని కాదు. నొప్పి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం లాంటి కారణాలున్నాయేమో ముందు చూడమనండి. తప్పనిసరైతే చిన్న డోసు, తక్కువ రోజులు. పక్కింటి తాతకు పనిచేసిందని అదే మాత్ర మీ నాన్నకు వేయొద్దు.

ఆపాలనుకుంటే

నయమైందనిపించిన రోజే ఆపాలనిపిస్తుంది. ఆ కోరిక సహజం. కానీ ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవడం, వాంతులు, వణుకు, ఆ తర్వాత జబ్బు తిరగబెట్టడం జరుగుతాయి. తిరగబెట్టిన ప్రతిసారీ పాత స్థితికి రావడం కష్టమవుతుంది. మొదటిసారి వచ్చిన సైకోసిస్‌కు తగ్గాక కూడా ఏడాది నుంచి రెండేళ్లు వాడమంటారు, రెండు మూడుసార్లు వచ్చినవాళ్లకు ఐదేళ్లు, కొందరికి అంతకంటే ఎక్కువ. తగ్గించడం కుదిరితే నెలల మీద కొంచెం కొంచెంగా, డాక్టరు చూపులోనే తగ్గించాలి. "తగ్గించి చూద్దామా?" అని అడగడం మీ హక్కు, అడగండి. ఇంట్లో పెళ్లి ఉన్న నెలలో, పరీక్షల ముందు, ఉద్యోగం మారేటప్పుడు మాత్రం ఆ ప్రయోగం వద్దు.

ఏళ్ల తరబడి వాడేవాళ్లలో ఇంకొకటి చూడాలి. నోరు ఊరికే నమిలినట్టు కదలడం, పెదాలు చప్పరించడం, నాలుక బయటికి రావడం, వేళ్లు వాటంతటవే ఆడటం. దీన్ని టార్డివ్ డిస్కినీసియా అంటారు. పాత మందులతో, పెద్దవయసు వాళ్లలో ఎక్కువ. ముదిరితే పోకపోవచ్చు, మొదట్లో పట్టుకుంటే తగ్గే అవకాశం ఉంది. ఆరు నెలలకోసారి ఎదురుగా కూర్చోబెట్టి, నోరు తెరిచి నాలుక లోపలే ఉంచమని ఒక నిమిషం గమనించండి. కదలికలు కనిపిస్తే ఫోన్లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. పాసిటేన్ వేస్తే ఇది తగ్గదు, కొన్నిసార్లు పెరుగుతుంది.

ఎక్కడికి వెళ్లాలి

తిరుపతి రుయాలో మానసిక వైద్య విభాగం ఉంది. మందు అయిపోయి డాక్టరు దొరకనప్పుడు, రాత్రిపూట ఏదైనా అనుమానం వచ్చినప్పుడు 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ ఇది, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఖర్చు ఇబ్బందైతే జనఔషధి షాపులో అసలు మందు పేరు చెప్పి అడగండి. కంపెనీ మారినా పేరూ మిల్లీగ్రాములూ ఒకటేనా అని చూసుకోండి.

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, మళ్లీ జబ్బు ముదిరితే తనకు ఏ వైద్యం కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు నిర్ణయించాలో మనిషి ముందుగానే రాసిపెట్టుకోవచ్చు. ఏ మందుకు మెడ పట్టేసిందో, ఏది పడిందో అందులో రాయించండి. బాగున్న రోజుల్లో కూర్చుని అతని చేతే రాయించాలి, మీరు రాసి సంతకం పెట్టించడం కాదు.

అదే కూర్చోవడంలో, జబ్బు తిరగబెట్టే ముందు అతనికి ఏమవుతుందో కూడా అతన్నే అడిగి నోట్‌బుక్ చివరి పేజీలో రాయండి. ఒకరికి నిద్ర తగ్గుతుంది, ఒకరు స్నానం మానేస్తారు, ఇంకొకరు టీవీలో తన గురించే చెబుతున్నారంటారు. ఆ గుర్తుల్లో రెండు వరుసగా మూడు రోజులు కనిపిస్తే అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి, డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టి ఆ లెక్క కూడా డాక్టరుకు చెప్పండి.